ట్రైలర్‌లో సీల్డ్ ఏజీఎం బ్యాటరీలు: ప్యానెల్ ఫుల్ అంటోంది, తెల్లవారుజామున ఫర్నేస్ ఆగిపోతోంది

ఫ్రిస్కో_చక్రం:

అందరికీ నమస్కారం. మాది 24 అడుగుల ట్రావెల్ ట్రైలర్. డాలస్ దగ్గర ఇంటి డ్రైవ్‌వేలోనే ఉంటుంది. ముందు భాగంలో గ్యాస్ సిలిండర్ల వెనక రెండు 12 వోల్టుల సీల్డ్ ఏజీఎం డీప్ సైకిల్ బ్యాటరీలున్నాయి (ఆసిడ్‌ని గాజు పీచు మ్యాట్‌లో పట్టి ఉంచే సీసం బ్యాటరీలు, బాగా వాడి మళ్లీ మళ్లీ నింపుకునే రకం). ఒక్కోటి 100 ఆంపియర్-అవర్లు, పారలల్‌లో కలిపి 200. ట్రైలర్ కొన్న చోటే పెట్టి ఇచ్చారు. మూడో ఏడు నడుస్తోంది.

బయల్దేరే ముందు రెండు రోజులు ఇంటి కరెంటుకు తగిలించి ఉంచుతాం. గోడ మీద ప్యానెల్ బటన్ నొక్కితే నాలుగు లైట్లూ వెలుగుతాయి. పోయిన వారం బిగ్ బెండ్‌లో, రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్, అంటే కరెంటు కనెక్షన్, లేని సైట్‌లో దిగాం. రాత్రి ఫర్నేస్ (గ్యాస్ హీటర్) పెట్టుకుని పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే ఫ్యాన్ నీరసంగా తిరుగుతున్న చప్పుడు వినపడుతోంది, వేడి మాత్రం రావట్లేదు. మీటరు పెట్టి చూస్తే 10.8 వోల్టులు. పిల్లలు చలికి ముడుచుకుపోయారు. అప్పట్నుంచి మా ఆవిడకి ఈ బ్యాటరీల పేరెత్తితే టెన్షన్.

సీల్డ్ కాబట్టి నీళ్లు పొయ్యక్కర్లేదు, వాటి వంక చూడక్కర్లేదు అని అమ్మినవాళ్లు చెప్పారు. ఇప్పుడు రెండూ పోయినట్టేనా? మార్చే ముందు చూడాల్సినవి ఏమన్నా ఉన్నాయా?

హ్యూస్టన్_వ్యాన్:

బ్రదర్, రెండూ పీకేసి లిథియం పెట్టేయండి. నేను పెట్టాక వెనక్కి తిరిగి చూడలేదు. బరువు సగానికి పైగా తగ్గింది. సీసం బ్యాటరీల్లా సగం దాకా మాత్రమే వాడాలి అన్న లెక్క కూడా లేదు.

ఎడారి_బాట:

హ్యూస్టన్ తమ్ముడూ, ముందు ఉన్నవాటికి ఏమైందో తెలుసుకోనివ్వు. కారణం కన్వర్టర్‌లోనో (ఇంటి కరెంటుని 12 వోల్టులకి మార్చి బ్యాటరీని నింపే డబ్బా) వైర్లలోనో ఉంటే లిథియం పెట్టినా అది పోదు.

ఫ్రిస్కో గారూ, ముందు మీ రాత్రి వాడకం లెక్క చూద్దాం. ఆ సైజు ట్రైలర్ ఫర్నేస్ ఫ్యాన్ 7, 8 ఆంప్స్ లాగుతుంది. తొమ్మిది గంటల్లో సగం సేపు తిరిగిందనుకుంటే 35 ఆంపియర్-అవర్ల దాకా అవుతుంది. గ్యాస్ అలారం, ఫ్రిజ్ బోర్డు, స్టీరియో మెమరీ, నాలుగు లైట్లు కలిపినా 45 దాటదు. 200 ఉన్న బ్యాంక్‌లో 45 తీస్తే 10.8కి పడిపోకూడదు. అంటే లోపల ఉన్నది 200 కాదు.

ఫ్యాన్ తిరుగుతూ వేడి రాకపోవడానికీ కారణం ఉంది. ఫర్నేస్‌లో సెయిల్ స్విచ్ అని చిన్న రేకు ఉంటుంది. గాలి తగినంత వేగంగా వీస్తేనే అది మూసుకుని బర్నర్ వెలగనిస్తుంది. వోల్టేజీ పడి ఫ్యాన్ నెమ్మదిస్తే ఆ స్విచ్ మూసుకోదు. గ్యాస్ వెలగదు, ఫ్యాన్ మాత్రం ఉన్న కాస్త కరెంటూ తినేస్తూ ఉంటుంది.

ఇవి చూసి రాయండి. ఇంటి కరెంటుకు తగిలించి ఉన్నప్పుడు సరిగ్గా బ్యాటరీ టెర్మినళ్ల మీద ఎన్ని వోల్టులు? అదే సమయంలో లోపల కన్వర్టర్ దగ్గర ఎన్ని? అన్నీ ఆపేసి, బ్యాటరీల వైర్లు విప్పేసి, మర్నాడు చూస్తే ఒక్కో బ్యాటరీ ఎంత చూపిస్తోంది? ఇంకోటి, ట్రైలర్‌లోకి వెళ్లే రెండు లావు వైర్లు ఏ బ్యాటరీ మీద ఉన్నాయి? ఫొటో అక్కర్లేదు, మాటల్లో చెప్పినా చాలు.

పాత_టెలికాం:

నేను ఇక్కడికి రాకముందు హైదరాబాద్ చుట్టుపక్కల టెలికాం సైట్లలో బ్యాటరీల పని చూశాను. మీ ఏజీఎం, మా వీఆర్ఎల్‌ఏ (వాల్వ్ ఉన్న సీల్డ్ సీసం బ్యాటరీ) ఒకే జాతివి. మా దగ్గర 2 వోల్టుల సెల్స్ 24 వరసగా కలిపి 48 వోల్టుల బ్యాంక్. సెల్‌కి 2.25 చొప్పున 54 వోల్టుల మీద ఏడాదంతా ఫ్లోట్‌లో, అంటే నిండినదాన్ని నిండుగానే నిలిపి ఉంచే తక్కువ వోల్టేజీలో ఉండేవి. కరెంటు పోతే తప్ప వాటికి పని లేదు. అందుకే ఫ్లోట్‌తోనే బతికేసేవి.

ఆర్వీలో (ఇలాంటి ట్రైలర్లు, క్యాంపర్ వ్యాన్లలో) అలా కుదరదు. ఇక్కడ రాత్రి ఖాళీ అవుతుంది, పగలు నిండాలి, మళ్లీ రాత్రి ఖాళీ. నిండడానికి ఫ్లోట్ వోల్టేజీ చాలదు. ఏజీఎంలో చాలావాటికి 25 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర 14.2 నుంచి 14.4 దాకా తీసుకెళ్లి, అక్కడే పట్టి ఉంచాలి. కరెంటు దానంతట అది దిగిపోయాక 13.2, 13.4 మధ్య ఫ్లోట్. జెల్ బ్యాటరీ అయితే ఇంకా తక్కువ, 14.1 ప్రాంతం. దాటితే జెల్‌లో బుడగలు ఏర్పడి ఆ చోట్లు పనికిరాకుండా పోతాయి. మీ బ్యాటరీ మీద ఏం రాసుందో చదివి, ఆ కంపెనీ పట్టికనే పాటించండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. వాడి వాడి చచ్చిన సీల్డ్ బ్యాటరీల కన్నా ఎన్నడూ పూర్తిగా నిండక చచ్చినవే ఎక్కువ. 85, 90 శాతం దగ్గర ఆగిపోయిన ప్రతిసారీ ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ కొంత మిగిలిపోతుంది. మొదట్లో అది మెత్తగా ఉంటుంది, ఛార్జింగ్‌తో కరిగిపోతుంది. వారాలు గడిస్తే గట్టి పలుకులు కడుతుంది, ఆ మేరకు ప్లేటు పోయినట్టే. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. వోల్టేజీ కూడా బాగానే చూపిస్తుంది. అదే 100 ఆంపియర్-అవర్ల డబ్బాలో 50 మిగులుతాయి.

ఫ్రిస్కో_చక్రం:

వివరంగా రాసినందుకు ఇద్దరికీ థ్యాంక్స్. ఇవాళ చూసినవి ఇవి.

తగిలించి ఉన్నప్పుడు కన్వర్టర్ దగ్గర 13.6, బ్యాటరీ టెర్మినళ్ల మీద 13.35. రెండు రోజులుగా తగిలించే ఉంది, 13.6 దాటడం ఒక్కసారి కూడా చూడలేదు. బయట చలి, 5 డిగ్రీల సెంటీగ్రేడ్ ఉంటుంది. డీసీ క్లాంప్ మీటరు పక్కింటాయన ఇచ్చారు. బ్యాటరీలోకి వెళ్తున్న కరెంటు 0.8 ఆంప్. కరెంటు దిగిపోతే ఫుల్ అన్నారు కదా, మరి ఇది ఫుల్ అయినట్టే కదా?

వైర్లు: ట్రైలర్‌లోకి వెళ్లే పాజిటివ్, నెగటివ్ రెండూ డ్రైవర్ వైపు బ్యాటరీ మీదే ఉన్నాయి. అక్కణ్నుంచి రెండో బ్యాటరీకి చిన్న జంపర్లు వేశారు.

పాత_టెలికాం:

ఫ్రిస్కో గారూ, అసలు మెలిక ఇక్కడే ఉంది. కరెంటు తగ్గడం లెక్కలోకి వచ్చేది 14.4 మీద పట్టి ఉంచినప్పుడు మాత్రమే. 13.35 మీద ఆగిపోయిన బ్యాటరీకి ఇక తీసుకునే బలం ఉండదు, అందుకే 0.8 చూపిస్తోంది. కుళాయి సగమే తిప్పి, నీళ్లు సన్నగా వస్తున్నాయి కాబట్టి బిందె నిండింది అనుకున్నట్టు ఉంటుంది. అదే బ్యాటరీకి ఇప్పుడు 14.4 ఇచ్చి చూడండి, ఆంప్స్ మళ్లీ పైకి లేస్తాయి.

పైగా మీకు చలి. సీసం బ్యాటరీకి చలిలో ఎక్కువ వోల్టేజీ కావాలి, ఎండలో తక్కువ. సెల్‌కి డిగ్రీకి 4 మిల్లీవోల్టులు అనుకుంటే 12 వోల్టుల బ్యాటరీకి డిగ్రీకి 24. 25 డిగ్రీల దగ్గర 13.3 ఫ్లోట్ కావాల్సినది 5 డిగ్రీల దగ్గర 13.8 దాకా అడుగుతుంది. అంటే మీ 13.35 చలికాలంలో ఫ్లోట్‌కి కూడా చాలట్లేదు.

అదే లెక్కన 14.4 అన్నది 0 డిగ్రీల దగ్గర 15.0 అవుతుంది, 40 డిగ్రీల దగ్గర 14.04కి దిగుతుంది. అందుకే ఛార్జర్‌కి టెంపరేచర్ సెన్సర్ కావాలంటారు. ఆ సెన్సర్ బ్యాటరీ టెర్మినల్‌కో ఒంటికో తగిలి ఉండాలి. ఛార్జర్ డబ్బాలో ఉన్న సెన్సర్ డబ్బా వేడినే చూస్తుంది.

ఎండలో ఈ సంగతి ఇంకా ముఖ్యం. మా సైట్లలో మే నెలలో షెల్టర్ ఏసీ ఆగిపోయి, ఛార్జర్ మాత్రం అదే వోల్టేజీ మీద ఉండిపోతే, బ్యాటరీ పక్కలు పొంగేవి. వేడెక్కిన బ్యాటరీ ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ కరెంటు దాన్ని ఇంకా వేడెక్కిస్తుంది. మామూలుగా అయితే లోపల పుట్టిన ఆక్సిజన్ మళ్లీ నీళ్లుగా మారిపోతుంది. ఒత్తిడి మితిమీరితే వాల్వ్ తెరుచుకుని గ్యాస్ బయటికి పోతుంది. అలా పోయిన నీళ్లని మళ్లీ పొయ్యడానికి మూత ఉండదు. పక్కలు ఉబ్బిన బ్యాటరీ ఎవరి దగ్గర ఉన్నా ఛార్జ్ పెట్టొద్దు, వైర్లు తీసి రీసైక్లింగ్‌కి ఇచ్చేయండి.

బే_ఏరియా_బండి:

కన్వర్టర్ గురించి నాదో మాట. చాలా ట్రైలర్లలో ఫ్యాక్టరీ కన్వర్టర్ పేరుకి మూడు దశలదే అయినా 14.4 దశలోకి వెళ్లడం అరుదు. సన్నటి పొడుగాటి వైరు వల్ల తన దగ్గర వోల్టేజీ తొందరగా పెరిగిపోతుంది, ఇక ఫుల్ అనుకుని 13.6కి దిగిపోతుంది. మార్చుకునేవాళ్లు చేత్తో దశ ఎంచుకునే వీలున్నది తీసుకుంటే మంచిది. ప్రోగ్రెసివ్ డైనమిక్స్ 9200 సిరీస్‌లో ఛార్జ్ విజార్డ్ అని ఉంటుంది. దాని బటన్‌తో 14.4, 13.6, 13.2 మనమే పెట్టుకోవచ్చు. స్టోరేజీలో 13.2 మీద ఉన్నప్పుడు అదే 21 గంటలకోసారి 14.4కి వెళ్లి 15 నిమిషాలు ఉంటుంది.

మాకు ఇది యోసెమిటీలో బాగా అర్థమైంది. అక్కడ జనరేటర్ ఉదయం 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 మాత్రమే వేసుకోనిస్తారు. ఆ రెండు గంటల్లో కన్వర్టర్ 13.6 మీద ఉంటే పెట్రోలు కాలడమే గానీ బ్యాటరీలోకి పెద్దగా పోయేది ఉండదు. 14.4 మీద ఉంటే అదే రెండు గంటల్లో తేడా మర్నాడు పొద్దున తెలుస్తుంది.

ఎడారి_బాట:

బండి గారు చెప్పిందానికి సోలార్ కలిపితే లెక్క కుదురుతుంది. మేం చలికాలమంతా అరిజోనాలో క్వార్ట్‌సైట్ దగ్గర బీఎల్ఎం (కేంద్ర ప్రభుత్వ) భూముల్లో ఉంటాం. బ్యాటరీ 80 శాతం దాకా గబగబా తీసుకుంటుంది. మిగతా 20 శాతం గంటల తరబడి సాగదీస్తుంది, ఎంత పెద్ద ఛార్జర్ పెట్టినా అంతే. ఆ చివరి గంటల కోసం జనరేటర్ నడపడం దండగ. అందుకే పొద్దున్నే జనరేటర్‌తో ఒక గంట, గంటన్నర. ఎండెక్కాక మిగతాది ప్యానెళ్లు నెమ్మదిగా సాయంత్రం దాకా నింపుతాయి. మధ్యాహ్నం జనరేటర్ వేసేవాళ్లు దీన్ని తలకిందులు చేస్తున్నారు.

సోలార్ కంట్రోలర్ తెచ్చిన రోజు సెట్టింగ్స్‌తో వదిలేయకండి. విక్ట్రాన్ కంపెనీ ఎంపీపీటీ రకం కంట్రోలర్ పొద్దున ఛార్జింగ్ మొదలయ్యేటప్పుడు ఉన్న వోల్టేజీని బట్టి ఆ రోజు అబ్సార్ప్షన్ (14.4 లాంటి పై వోల్టేజీ మీద పట్టి ఉంచడం) ఎంతసేపో నిర్ణయిస్తుంది. 11.9 కంటే తక్కువ ఉంటే ఆరు గంటలు ఇస్తుంది, 12.6 పైన ఉంటే ఒక్క గంటే. మనం పొద్దున్నే జనరేటర్ వేసి వోల్టేజీ పెంచేస్తే అది చూసి ఒక్క గంటే చాలనుకుంటుంది. అందుకని దాంట్లో సమయాన్ని ఫిక్స్‌డ్‌గా పెట్టుకుని, కరెంటు దిగినప్పుడు ఆగే టెయిల్ కరెంట్ సెట్టింగ్ వాడుకోవడం మేలు. ఆ కరెంటు లెక్క కూడా బ్యాటరీ దగ్గరున్న షంట్ (బ్యాటరీలోకి వచ్చీపోయే కరెంటుని కొలిచే పరికరం) నుంచి రావాలి. లేకపోతే ఫ్రిజ్, ఫ్యాన్ లాగేది కూడా బ్యాటరీలోకి పోతున్నట్టే లెక్కేసుకుంటుంది.

మిన్నెసోటా_మంచు:

స్టోరేజీ మాట రాలేదు కాబట్టి రాస్తున్నా. మా దగ్గర నవంబర్‌లో బండి మూస్తే మళ్లీ ఏప్రిల్ ఆఖర్లోనే తీసేది. ఏజీఎంని ఇంట్లోకి మోసుకెళ్లక్కర్లేదు. పూర్తిగా నింపి, నెగటివ్ విప్పేసి, ట్రైలర్‌లోనే వదిలేస్తాను. ఫుల్ ఛార్జ్‌లో ఉన్న ఆసిడ్ మైనస్ 50 దాటినా గడ్డకట్టదు. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీ మాత్రం మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పగిలిపోతుంది. ఇక్కడ ప్రతి చలికాలం ఎవరో ఒకరికి ఇది జరుగుతుంది. సాధారణంగా కారణం గ్యాస్ అలారం. అది చిన్నదే, కానీ రాత్రీ పగలూ లాగుతూనే ఉంటుంది.

ఏజీఎం తనంతట తను పోగొట్టుకునేది నెలకు 1 నుంచి 3 శాతమే, చలిలో ఇంకా తక్కువ. మూడు నెలలకోసారి మీటరు పెట్టి, అవసరమైతే నింపితే సరిపోతుంది. వేడి ఊళ్లలో ఉండేవాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్లు సరైన ఫ్లోట్ మీద ఉంచుకోవాలి.

డిస్కనెక్ట్ స్విచ్ తిప్పాం కదా అని నమ్మొద్దు. చాలా ట్రైలర్లలో కొన్ని వైర్లు ఆ స్విచ్ దాటి నేరుగా బ్యాటరీకే ఉంటాయి. అందులో బ్రేక్‌అవే స్విచ్ ఒకటి. లాగేటప్పుడు ట్రైలర్ తెగిపోతే బ్రేకులు వేసేది అదే కాబట్టి దాన్ని తీసేయకూడదు. నెగటివ్ విప్పినవాళ్లు వసంతంలో బండి రోడ్డెక్కించే ముందు తప్పకుండా తిరిగి బిగించుకోవాలి.

హ్యూస్టన్ బ్రదర్‌కి: మా ఊళ్లో లిథియం వద్దనుకున్నది ఇందుకే. సున్నా డిగ్రీల కింద దానికి ఛార్జ్ ఎక్కించకూడదు. హీటర్ ఉన్న రకం తీసుకుంటే ఆ హీటర్‌కీ కరెంటు కావాలి.

హ్యూస్టన్_వ్యాన్:

ఒప్పుకుంటాను. మాకు ఇక్కడ చలి తక్కువ, వ్యాన్‌లో బ్యాటరీ లోపలే ఉంటుంది, కాబట్టి నాకు ఇబ్బంది రాలేదు. ఫ్రిస్కో గారిలా బయట బాక్సులో ఉంటే ఆలోచించాల్సిందే.

వైజాగ్_వ్యాన్:

నమస్తే అండీ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఫోర్స్ ట్రావెలర్ తీసుకుని మా అన్నయ్యతో కలిసి క్యాంపర్ చేయిస్తున్నాను. అరకు, లంబసింగి వైపు తిరగాలని. ఇంట్లో ఇన్వర్టర్, 150 ఆంపియర్-అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఖాళీగా ఉన్నాయి. అవే వ్యాన్‌లో పెట్టుకోవచ్చా? లేక షాపువాళ్లు చెప్పినట్టు యూపీఎస్‌కి వాడే ఎస్‌ఎంఎఫ్ బ్యాటరీ కొనాలా?

పాత_టెలికాం:

వైజాగ్ తమ్ముడూ, ట్యూబులర్ వ్యాన్‌లో వద్దు. డిస్టిల్డ్ వాటర్ పోసే బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్, ఆసిడ్ తుంపర వదులుతుంది. అరకు ఘాట్‌లో మలుపు మలుపుకీ ఊగుతుంటే మూతల్లోంచి ఆసిడ్ ఒలుకుతుంది కూడా. నిద్రపోయే చోట అది ఉండకూడదు.

ఎస్‌ఎంఎఫ్ సీల్డే, కానీ యూపీఎస్ కోసం చేసినవి ఎక్కువగా స్టాండ్‌బై రకం, మా టెలికాం బ్యాటరీల్లాగా. ఎప్పుడో కరెంటు పోయినప్పుడు వాడుకోవడానికి. రోజూ సగం ఖాళీ చేస్తే తొందరగా పోతాయి. అడిగేటప్పుడు డీప్ సైకిల్ వీఆర్ఎల్‌ఏ కావాలని అడుగు. సోలార్‌కో ఈ-రిక్షాకో అమ్మేవాళ్లని కూడా అడుగు. డేటాషీట్‌లో 50 శాతం వాడితే ఎన్ని సైకిల్స్ వస్తాయో రాసి లేకపోతే అది కొనొద్దు. మన తిరుపతి దగ్గర కరకంబాడిలో అమరరాజా వీఆర్ఎల్‌ఏలు చేస్తుంది, హైదరాబాద్‌లో హెచ్‌బీఎల్ ఉంది, కాబట్టి డేటాషీట్లు సంపాదించడం కష్టమేం కాదు.

ఇన్వర్టర్ వాడుకోవచ్చు, ఒక షరతు మీద. వెనక బ్యాటరీ రకం స్విచ్ ఉంటే ఎస్‌ఎంఎఫ్ వైపు పెట్టు. ట్యూబులర్ వైపు ఉంటే వోల్టేజీ ఎక్కువ ఇస్తుంది, సీల్డ్ బ్యాటరీ ఎండిపోతుంది. స్విచ్ పెట్టాక కూడా మీటరుతో కొలిచి చూసుకో. ఎండాకాలంలో ఆపి ఉంచిన వ్యాన్ లోపల ఎంత వేడో నీకు తెలుసు, బ్యాటరీని ఇంజన్ పక్కన కాకుండా నేల దగ్గర గాలి తగిలే చోట పెట్టించు. సీల్డ్ అయినా ఆ పెట్టెకి బయటికి చిన్న గాలిదారి ఉండాలి.

వైజాగ్_వ్యాన్:

చాలా థ్యాంక్స్ అండీ. ఇన్వర్టర్ వెనక స్విచ్ ఉంది, ట్యూబులర్ మీదే ఉంది. మారుస్తాను. డేటాషీట్ అడిగితే షాపాయన ఫోన్ చేస్తానన్నాడు.

ఫ్రిస్కో_చక్రం:

అప్‌డేట్. ఏజీఎం మోడ్ ఉన్న 25 ఆంప్స్ ఛార్జర్ తెచ్చి నేరుగా బ్యాటరీల మీద పెట్టాను. టెలికాం గారు చెప్పినట్టే అయింది. కన్వర్టర్ మీద 0.8 ఆంప్ చూపించినవే 14.4 దగ్గరికి వచ్చేసరికి 9 ఆంప్స్ తీసుకోవడం మొదలుపెట్టాయి. సాయంత్రమంతా గంటకోసారి క్లాంప్ మీటరు పెట్టి చూశాను. రాత్రి భోజనాలయ్యాక కూడా ఇంకా 3 ఆంప్స్ పోతూనే ఉన్నాయి. పొద్దున లేచి చూస్తే 1 ఆంప్.

తర్వాత రెండింటినీ విడదీసి ఒక రోజు వదిలేశాను. డ్రైవర్ వైపుది 12.58, అవతలిది 12.84. ఇవి రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే రకం.

ఎడారి_బాట:

అదిగో, డ్రైవర్ వైపుది అలిసిపోయింది. ట్రైలర్ వైర్లు రెండూ దాని మీదే ఉన్నాయన్నారు కదా. లోడు ముందు దాన్నే లాగుతుంది, రెండోది జంపర్ల గుండా వెనక నుంచి సాయం చేస్తుంది. జంపర్ అడ్డు కొంచెమే అయినా ఏళ్ల తరబడి అదే వరస. పారలల్‌లో ఎప్పుడూ పాజిటివ్ ఒక బ్యాటరీ నుంచి, నెగటివ్ రెండో దాన్నుంచి తీసుకోవాలి. అప్పుడు ఇద్దరికీ దారి సమానం.

లైఫ్‌లైన్ కంపెనీ తన ఏజీఎంలకి ఇచ్చిన పట్టిక ప్రకారం 12.8 ఆ పైన ఫుల్, 12.6 అంటే 75 శాతం, 12.3 సగం, 12.0 పావు. అన్నీ వైర్లు విప్పి గంటల తరబడి వదిలేశాక తీసిన కొలతలివి. ఛార్జర్ తీయగానే కనిపించే 13.1 నమ్మకూడదు, ఫర్నేస్ నడుస్తుండగా కనిపించే 11.9 చూసి భయపడకూడదు.

బే_ఏరియా_బండి:

వోల్టేజీ ఎంత నింపారో చెబుతుంది గానీ డబ్బా ఎంత పెద్దదో చెప్పదు. కెపాసిటీ కొలవాలంటే నెమ్మదిగా ఖాళీ చేసి చూడాలి. 100 ఆంపియర్-అవర్లు అంటే 5 ఆంప్స్ చొప్పున 20 గంటలు, 10.5 వోల్టుల దాకా. పాత ఆర్వీ లైట్లలో వాడే 1156 బల్బు ఒక్కోటి 2 ఆంప్స్ పైన లాగుతుంది. రెండు బల్బులు, హోల్డర్లు, ఒక షంట్ ఉంటే గ్యారేజీలోనే చేసుకోవచ్చు.

పాత_టెలికాం:

చేయొచ్చు. 10.5 కాగానే ఆపాలి, నిద్రపోయి వదిలేయకూడదు. ఆపిన గంటలోపే మళ్లీ ఛార్జ్ పెట్టాలి. ఖాళీగా వదిలేసిన కొద్దీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. 15.5 వోల్టులు పెట్టి బాగుచేయమని ఇంటర్నెట్‌లో చాలామంది రాస్తారు. లైఫ్‌లైన్ తన బ్యాటరీలకి కండిషనింగ్ అని 15.5 దగ్గర 8 గంటలు ఒప్పుకుంటుంది, అదీ ముందు మామూలుగా పూర్తిగా నింపాకే. మీ కంపెనీ పుస్తకంలో ఆ మాట లేకపోతే ముట్టుకోవద్దు. నీళ్లు పోతే తిరిగి రావు.

ఫ్రిస్కో_చక్రం:

బల్బులతో కొలిచాను. పొద్దున మొదలుపెట్టి షంట్ లెక్క రాసుకుంటూ పోయాను. డ్రైవర్ వైపుది 47 ఆంపియర్-అవర్లకే 10.5కి వచ్చింది. 11.4 దాకా బాగానే ఉంది, అక్కణ్నుంచి చూస్తుండగానే జారిపోయింది. రెండోది 82 ఇచ్చింది. రెండింటినీ వెంటనే మళ్లీ నింపాను.

ఇప్పుడు 82 ఇచ్చినదానికి జతగా కొత్తది ఒకటే కొంటే సరిపోతుందా?

పాత_టెలికాం:

వద్దండీ. పారలల్‌లో పాతదీ కొత్తదీ కలిపితే కొత్తది ఎప్పుడూ పాతదాన్ని మోస్తూ ఉంటుంది. ఛార్జర్ కూడా రెండింటికీ సరిపోయేలా ఆగడం కుదరదు. 82 ఇచ్చినదాన్ని ఇంట్లో కరెంటు పోయినప్పుడు రౌటర్‌కీ లైట్లకీ వాడుకోండి. ట్రైలర్‌కి ఒకే రకం, ఒకే తయారీ నెలవి జత కొనండి.

ఎడారి_బాట:

స్థలం ఉంటే గోల్ఫ్ కార్ట్ సైజు 6 వోల్టుల ఏజీఎంలు రెండు చూడండి. ఒక్కోటి 220 ఆంపియర్-అవర్లు, సిరీస్‌లో కలిపితే 12 వోల్టులు, 220. సిరీస్‌లో ఒకే కరెంటు రెండింటిలోంచీ పోతుంది కాబట్టి ఒకరి మీదే భారం పడే గొడవ ఉండదు. ఎత్తు ఎక్కువ ఉంటాయి, బాక్సు మూత పడుతుందో లేదో టేపుతో కొలుచుకుని కొనండి. ఒక్కోటి 30 కిలోలు దాటుతుంది, ఒంటరిగా ఎత్తొద్దు.

ఫ్రిస్కో_చక్రం:

అక్కా, మీ మాటే విన్నాను. రెండు 6 వోల్టులవి వచ్చాయి. బాక్సు మార్చాల్సి వచ్చింది. కన్వర్టర్ కూడా 14.4 చేత్తో పెట్టుకునే వీలున్నది వేశాం, దాన్ని బ్యాటరీకి దగ్గరగా జరిపి లావు వైరు వేయించాం. ఇప్పుడు కన్వర్టర్ దగ్గర 14.4 ఉంటే టెర్మినల్ మీద 14.33 ఉంది. మొదటిసారి నింపినప్పుడు కరెంటు 1.1 ఆంప్స్‌కి దిగేదాకా ఆపలేదు.

షంట్ ట్రైలర్‌లోనే బిగించాను. దాంట్లో ఫుల్ అని ఎప్పుడు అనుకోవాలో ఏ అంకెలు పెట్టాలి?

బే_ఏరియా_బండి:

విక్ట్రాన్ షంట్ అయితే ఛార్జ్‌డ్ వోల్టేజీని మీ ఫ్లోట్ కంటే 0.2, 0.3 తక్కువ పెట్టమని వాళ్ల మాన్యువల్ చెబుతుంది. ఫ్లోట్ అంత తక్కువ వోల్టేజీ దగ్గర తొందరపడి 100 శాతం చూపించకుండా ఉండాలంటే నేను అబ్సార్ప్షన్‌కి దగ్గరగా 14.1 పెట్టి, టెయిల్ కరెంట్ 4 శాతం నుంచి 1 శాతానికి తగ్గించాను. దాంతో 100 కనపడిందంటే నిజంగా నిండినట్టే. ఏ లోడు నెగటివ్ అయినా షంట్ అవతలే ఉండాలి. ఒక్క వైరు నేరుగా బ్యాటరీ నెగటివ్ మీద ఉన్నా లెక్క రోజురోజుకీ తప్పుతుంది. ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తే కరెంటు జాక్ వైరు అలా మిగిలిపోవడం నేను చాలా చోట్ల చూశాను.

మిన్నెసోటా_మంచు:

కొత్త కేబుల్ వేశారు కాబట్టి ఒకటి. బ్యాటరీ పాజిటివ్ నుంచి 18 అంగుళాల లోపే మెయిన్ ఫ్యూజ్ ఉందో లేదో చూసుకోండి. టెర్మినల్ బోల్టులు కంపెనీ చెప్పిన టార్క్‌కి బిగించి, మొదటి ప్రయాణం అయ్యాక ఒకసారి మళ్లీ చూడండి. ఏజీఎం టెర్మినళ్లు సీసమే కాబట్టి కొత్తలో కొంచెం సర్దుకుంటాయి.

ఫ్రిస్కో_చక్రం:

జాక్ వైరు నిజంగానే బ్యాటరీ మీద ఉంది, షంట్ అవతలికి మార్చాను. ఫ్యూజ్ 11 అంగుళాల దూరంలో ఉంది. ఈ శుక్రవారం డ్రైవ్‌వేలోనే ప్లగ్ తీసేసి, రాత్రంతా ఫర్నేస్ వేసుకుని ట్రైలర్‌లోనే పడుకుంటున్నాం. పొద్దున షంట్ లెక్క ఇక్కడ రాస్తాను.

ఫ్రిస్కో_చక్రం:

రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా 41 ఆంపియర్-అవర్లు పోయాయి, షంట్ 81 శాతం చూపిస్తోంది. ఫర్నేస్ నడుస్తుండగా 12.3 కంటే కిందికి రాలేదు. మార్చిలో మళ్లీ బిగ్ బెండ్‌కి సైట్ బుక్ చేశాం.